సూర్యుడికి పాతికేళ్ళ ధర, రొయ్యకు వంద రోజుల భరోసా లేదు

ఎండను కరెంటుగా మార్చి అమ్మే కంపెనీతో ప్రభుత్వ సంస్థలు 25 ఏళ్ళకు ఒప్పందం రాసుకుంటాయి. యూనిట్‌కు ఎంత చెల్లిస్తారో మొదటి రోజే కాగితం మీద ఉంటుంది. ఆ కాగితం చూపిస్తే బ్యాంకు అప్పిస్తుంది. 2025లో ఎరువుల కర్మాగారాలకు గ్రీన్ అమ్మోనియా సరఫరా చేసేందుకు కేంద్ర సంస్థ సెకీ వేలం పెట్టింది. 13 కర్మాగారాలకు ఏడాదికి 7.24 లక్షల టన్నులు కావాలంది. గెలిచిన కంపెనీలకు 10 ఏళ్ళ ధర ఖాయమైంది.

రొయ్యలు పెంచే మాకు? సీడు వేసిన రోజు నుంచి పట్టుబడి దాకా 100 నుంచి 120 రోజులు. ఆ రోజుల్లో ఎకరాకు లక్షల రూపాయలు నీళ్ళలో పోస్తాం. పట్టుబడి రోజున కిలో ఎంతకు పోతుందో ముందుగా చెప్పే కాగితం మా చేతిలో ఒక్కటీ ఉండదు. సీడు వేసేనాడు ఒక ధర, మేత సగం అయ్యేసరికి ఒక ధర, వల వేసే నాడు ఇంకో ధర.

కంపెనీలకు భరోసా ఇవ్వొద్దని మేము అనడం లేదు. పెట్టుబడి పెట్టేవాడికి భరోసా ఉండాల్సిందే. మేము కూడా పెట్టుబడి పెట్టేవాళ్ళమే కదా అన్నదే మా ప్రశ్న. పచ్చని కరెంటు, ఎగుమతులు అనే రెండు మాటల చుట్టూ మన రాష్ట్ర ప్రణాళికలన్నీ తిరుగుతున్నాయి. ఆ రెండింటికీ భూమి, నీళ్ళు, కష్టం ఇచ్చేది రైతే. లాభానికి ఒప్పందాలు పైన, నష్టానికి బాధ్యత కింద అన్నట్టు సాగితే ఎన్ని లక్షల కోట్ల పెట్టుబడి వచ్చినా పల్లెకు ఒరిగేది లేదు.

ఒక్క ఏడాదిలో ఎన్ని రేట్లు

2025లో ఏం జరిగిందో వరుసగా చూద్దాం. ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ మన సరుకుల మీద 26 శాతం సుంకం అన్నారు. వారం తిరగకుండానే దాన్ని 90 రోజులు వాయిదా వేసి 10 శాతం అన్నారు. ఆగస్టు 7 నుంచి 25 శాతం అమల్లోకి వచ్చింది. రష్యా నుంచి చమురు కొంటున్నందుకు ఇంకో 25 అంటూ ఆగస్టు 27 నుంచి మొత్తం 50 శాతం చేశారు. రొయ్య మీద ఇంతకుముందే యాంటీ డంపింగ్ సుంకం ఉంది. మన ప్రభుత్వం ఇచ్చే రాయితీలను సాకుగా చూపి 2024 చివర్లో 5.77 శాతం కౌంటర్‌వెయిలింగ్ సుంకం కూడా వేశారు. అన్నీ కలిపితే 58 శాతం దాటింది.

అదే అమెరికా మార్కెట్‌కు రొయ్యలు పంపే ఈక్వెడార్ మీద అప్పట్లో 15 శాతం, ఇండోనేసియా మీద 19, వియత్నాం మీద 20. ఒకే గిన్నెలో వడ్డించే రొయ్యకు ఇంత తేడా ఉంటే కొనేవాడు ఎటు తిరుగుతాడో వేరే చెప్పక్కర్లేదు.

2024-25లో దేశం నుంచి ఎగుమతి అయిన శీతలీకరించిన రొయ్య 7.41 లక్షల టన్నులు. అందులో 3.11 లక్షల టన్నులు అమెరికాకే పోయింది. అంటే 100 కిలోల్లో 42 కిలోలు ఒక్క దేశానికి. దేశం మొత్తం మత్స్య ఎగుమతుల విలువ ఆ ఏడాది 62,408 కోట్ల రూపాయలు. రొయ్యల ఎగుమతిలో 80 శాతం మన రాష్ట్రానిదేనని, రెండున్నర లక్షల కుటుంబాలు దీని మీద బతుకుతున్నాయని, సుంకం వల్ల 25 వేల కోట్ల నష్టమని, సగం ఆర్డర్లు రద్దయ్యాయని సెప్టెంబరులో ముఖ్యమంత్రే కేంద్రానికి లేఖ రాశారు.

2025 చివర్లో రెండు దేశాల మధ్య చర్చలు నడిచాయి. సుంకం తగ్గితే సంతోషమే. కానీ తగ్గినది మళ్ళీ పెరగదని హామీ ఎవరిస్తారు? ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా నాలుగు రేట్లు చూశాం. రొయ్య ఒక పంట కాలంలో రేటు రెండు సార్లు మారింది. సుంకం ఎంత అన్నది ఒక సమస్య. ఎప్పుడు ఎంత ఉంటుందో తెలియకపోవడం అంతకంటే పెద్ద సమస్య.

పన్ను వాషింగ్టన్‌లో, కోత భీమవరంలో

సుంకం కట్టేది అమెరికాలో దిగుమతి చేసుకునేవాడు. చట్టం ప్రకారం అంతే. అతను ఇక్కడి ఎగుమతిదారును ధర తగ్గించమంటాడు. ఎగుమతిదారు ప్రాసెసింగ్ ప్లాంటు రేటు తగ్గిస్తాడు. ప్లాంటు రేటు తగ్గితే ఏజెంటు చెరువు గట్టు మీద రేటు తగ్గిస్తాడు. రైతు ఎవరికి తగ్గించాలి? మేత కంపెనీ తగ్గించదు. సీడు హేచరీ తగ్గించదు. మందుల షాపు తగ్గించదు. చెరువు కౌలు ముందే కట్టేశాం. పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతుంది. కాబట్టి పైన పడ్డ బరువంతా దిగి దిగి రైతు నెత్తిన ఆగుతుంది. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్టు.

ఏప్రిల్‌లో ఇంకా గట్టి సంగతి జరిగింది. సుంకం ప్రకటన వచ్చిన రోజుల్లోనే, అది అమలు కాకముందే చెరువుల దగ్గర ధరలు కోసేశారు. అమెరికాకు ఎక్కువగా పోయేది 30, 40, 50 కౌంట్ల పెద్ద రొయ్య. 100 కౌంట్ ఎక్కువగా చైనా లాంటి వేరే దేశాలకు పోతుంది. అమెరికా సుంకంతో సంబంధం లేని 100 కౌంట్ ధర కూడా ఎందుకు తగ్గించారు? దీనికి ఈ రోజు వరకు ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. వాయిదా పడిందని తెలిశాక ధర పెరిగింది గానీ, తగ్గించినప్పటి వేగం పెంచినప్పుడు లేదు.

వరి రైతు ధాన్యం బస్తాల్లో పోసి నెల రోజులు ఆగగలడు. మిర్చి రైతు కోల్డ్ స్టోరేజీలో పెట్టగలడు. రొయ్య ప్రాణి. ఆపిన ప్రతి రోజూ మేత వేయాలి, ఏరియేటర్ తిప్పాలి. వైట్ స్పాట్ వస్తుందో, ఇహెచ్‌పి వస్తుందో తెలియదు. ఒక్క రాత్రి తేడా వస్తే చెరువు తెల్లారేసరికి ఖాళీ. మేము ఆగలేమన్న సంగతి కొనేవాడికి తెలుసు. అందుకే బేరం ఎప్పుడూ అటే మొగ్గుతుంది.

ఊరట ఎవరికి అందింది

ప్రభుత్వం ఏమీ చేయలేదని మేము అనం. నవంబరులో కేంద్ర మంత్రివర్గం 25,060 కోట్ల ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌కు ఆమోదం తెలిపింది. ఎగుమతిదారుల అప్పులకు 20 వేల కోట్ల దాకా హామీ పథకం తెచ్చింది. అదే నెలలో రిజర్వు బ్యాంకు సుంకాలతో దెబ్బతిన్న రంగాల ఎగుమతిదారులకు సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా కట్టాల్సిన వాయిదాల మీద మారటోరియం ఇవ్వొచ్చని బ్యాంకులకు చెప్పింది. ఎగుమతి అప్పు గడువును 450 రోజులకు పెంచింది. ఆ రంగాల జాబితాలో చేపలు, రొయ్యలు కూడా ఉన్నాయి.

ఎగుమతిదారు బతకాలి. ప్లాంటు మూతపడితే మా సరుకు కొనేవాడు లేడు, అందులో పనిచేసే వేలాది మంది ఆడవాళ్ళకు కూలి లేదు. కానీ అదే రొయ్యను పెంచిన రైతుకు మారటోరియం ఏది? సుంకం దెబ్బకు ఎగుమతిదారుకు నాలుగు నెలలు ఊపిరి ఇచ్చినవాళ్ళు, అదే దెబ్బ తిన్న చెరువు రైతు బ్యాంకు వాయిదాను, మేత డీలరు బాకీని ఎందుకు లెక్కలోకి తీసుకోలేదు?

పత్తి రైతుకు జరిగింది ఇంతకంటే దారుణం. అమెరికా సుంకంతో బట్టల ఎగుమతిదారులు దెబ్బతిన్నారని ఆగస్టు 19 నుంచి విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. ముందు సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు, కర్నూలు రైతుల కొత్త పత్తి మార్కెట్‌కు వచ్చేది అక్టోబరు నుంచే. సరిగ్గా ఆ నెలల్లోనే బయటి పత్తికి తలుపులు బార్లా తీశారు. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలని కాగితం మీద ఉండేది. తేమ ఎక్కువని, యాప్‌లో స్లాట్ లేదని తిప్పి పంపితే రైతు అమ్మేది ప్రైవేటు వ్యాపారికే. అమెరికా మన బట్ట మీద సుంకం వేస్తే, దానికి మందుగా మన పత్తి రైతు ధర తగ్గించారు.

మార్కెట్లు మార్చుకోండి అంటున్నారు

అమెరికా మీదే ఆధారపడొద్దు, వేరే దేశాలు చూసుకోండి అని పెద్దలంతా చెబుతున్నారు. మంచి మాటే, ముందడుగులు కూడా పడ్డాయి. జూలై 24న బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ ఒప్పందం ప్రకారం అక్కడ రొయ్య మీద సుంకం ఉండదు. సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ మరో 102 మత్స్య ఎగుమతి యూనిట్లకు అనుమతి ఇచ్చింది. వైట్ స్పాట్ భయంతో ఆస్ట్రేలియా ఏళ్ళ తరబడి ఆపేసిన పొట్టు తీయని రొయ్యకు అక్టోబరులో దారి తెరుచుకుంది.

కానీ ప్రతి మార్కెట్‌కూ తన షరతులు ఉంటాయి. ఐరోపా 2016 నుంచి మన రొయ్య కన్‌సైన్‌మెంట్లలో సగాన్ని యాంటీబయాటిక్ అవశేషాల కోసం పరీక్షిస్తోంది. మందుల షాపుల్లో ఏది అమ్ముతున్నారో, సీడు దగ్గరే ఏం కలుస్తోందో తనిఖీ చేసే యంత్రాంగం బలంగా ఉంటే తప్ప, ల్యాబ్ రిపోర్టు చెడితే ఆ నష్టం కూడా చెరువు గట్టు దాకానే వస్తుంది. ఇంకో షరతు ముంచుకొచ్చింది. సరుకు తయారీలో ఎంత బొగ్గు, ఎంత డీజిలు కాలిందో లెక్కగట్టి 2026 జనవరి 1 నుంచి ఐరోపా సరిహద్దు పన్ను లెక్క మొదలుపెట్టింది. ప్రస్తుతం అందులో ఉన్నవి ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు. రొయ్య ఆ జాబితాలో లేదు. కానీ అక్కడి పెద్ద దుకాణాలు ఇప్పటికే సర్టిఫికెట్లు అడుగుతున్నాయి. రేపు మీ చెరువు ఏ కరెంటుతో నడిచిందని అడిగితే ఆశ్చర్యపడాల్సింది లేదు. పచ్చని కరెంటు మాకు అక్కడే పనికొస్తుంది.

మన దేశంలోనే తినేవాళ్ళను పెంచాలన్నది ఇంకో మాట. గుడ్డు విషయంలో ఇది జరిగింది. 1982లో డాక్టర్ బి.వి.రావు చొరవతో కోళ్ళ రైతులే కలిసి నెక్ పెట్టుకుని, ధర తామే ప్రకటించడం మొదలుపెట్టారు. ప్రచారం చేసుకున్నారు, గుడ్డు అలవాటు చేశారు. రొయ్యకు కూడా అలాంటి సమన్వయ కమిటీ అని రాష్ట్రంలో 2025లో మాట నడిచింది. మేము స్వాగతిస్తాం. ఒక్క సంగతి మర్చిపోవద్దు. నెక్‌లో ధర చెప్పింది కోళ్ళ రైతులు. రొయ్యల కమిటీలో ధర చెప్పేది ఎగుమతిదారులు, మేత కంపెనీలు అయితే దానికి పేరు మారినంత మాత్రాన రైతుకు ఉపయోగం లేదు.

పచ్చని కరెంటు ఎవరి కోసం

ఇప్పుడు కరెంటు సంగతి. రొయ్యల తర్వాత మన రాష్ట్రం పెట్టుకున్న పెద్ద ఎగుమతి ఆశ ఇదే. 2024 అక్టోబరులో ప్రకటించిన క్లీన్ ఎనర్జీ పాలసీ లక్ష్యం 160 గిగావాట్లకు పైగా సామర్థ్యం, 10 లక్షల కోట్ల పెట్టుబడి. 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ అనుబంధ సంస్థ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. పెట్టుబడి 1.85 లక్షల కోట్లు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్, దాని నుంచి మిథనాల్, యూరియా, విమాన ఇంధనం. ముఖ్య లక్ష్యం ఎగుమతి అని ప్రభుత్వమే చెప్పింది. కాకినాడలో ఒకప్పుడు యూరియా తయారైన కర్మాగారం చోట ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా ప్లాంటు వస్తోంది. దాని చూపు కూడా ప్రధానంగా విదేశీ కొనుగోలుదారుల మీదే.

2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ యూరియా బస్తా కోసం రైతులు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి నిలబడ్డారు. అమ్మోనియా లేనిదే యూరియా లేదు. మన భూమి మీద ఎండతో, మన నీళ్ళతో తయారైన అమ్మోనియా ఓడెక్కి పోతూ ఉంటే, మనం యూరియా కోసం దిగుమతి ఓడ వైపు చూడాలా? ముందు చెప్పిన సెకీ వేలంలో కిలో గ్రీన్ అమ్మోనియా 50 రూపాయల దగ్గరకు దిగింది. అంటే దేశంలోనే కొనేవాళ్ళు ఉన్నారు, ధర కూడా అందుబాటులోకి వస్తోంది. ముందు ఇంటి అవసరం, మిగిలితే సంతకు. సేద్యంలో తాతల నాటి పద్ధతి అదే.

భూమి లెక్క చూడండి. ఓర్వకల్లు దగ్గర 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కుకు 5,900 ఎకరాలకు పైగా పట్టింది. ఇప్పుడు పలకల సామర్థ్యం పెరిగింది కాబట్టి మెగావాటుకు 4 ఎకరాలే అనుకుందాం. రాష్ట్ర పాలసీలో సోలార్ వాటా 78 వేల మెగావాట్లకు పైనే. 3 లక్షల ఎకరాలు దాటుతుంది. బంజరు భూములే తీసుకుంటామంటారు. రాయలసీమలో బంజరు అని రాసి ఉన్న చోట వేరుశనగ, కంది పండుతుంది, గొర్రెలు మేస్తాయి. ఆ భూమి మీద కౌలుకు చేసేవాడి పేరు ఏ రికార్డులోనూ ఉండదు. లీజు సొమ్ము పట్టాదారుకు పోతుంది, కౌలుదారు బెంగళూరు బస్సెక్కుతాడు.

కరేడులో సోలార్ పలకల ఫ్యాక్టరీకి 8 వేలకు పైగా ఎకరాల సేకరణ అనగానే 2025లో ఊరు ఊరంతా రోడ్డెక్కింది. మూడు పంటలు పండే భూమి అని రైతులు మొత్తుకున్నారు. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. 2022-23, 2023-24 సంవత్సరాల్లో మన దేశం ఎగుమతి చేసిన సోలార్ పలకల్లో 97 శాతం దాకా పోయింది అమెరికాకే. రొయ్యది 42 శాతం, పలకలది 97 శాతం. 2025లో మన పలకల మీద కూడా అమెరికాలో యాంటీ డంపింగ్ విచారణ మొదలైంది. ఒక్క కొనుగోలుదారును నమ్ముకుంటే ఏమవుతుందో రొయ్య చూపించాక కూడా, అదే దారిలో మూడు పంటల భూమిని తీసుకుపోతామంటే ఎలా? ఫ్యాక్టరీ మూతపడితే యంత్రాలు వేరే చోటికి పోతాయి. భూమి మళ్ళీ చేను కాదు.

చెరువు గట్టు మీద లెక్క

పచ్చని కరెంటుకు మేము వ్యతిరేకులం కాదు. మా చెరువుల దగ్గరకు రావాలంటున్నాం. లెక్క చెబుతాం.

టన్నున్నర, రెండు టన్నులు దాటి పండించే చెరువులో ప్రతి 400 నుంచి 500 కిలోల రొయ్యకు ఒక హెచ్‌పీ ఏరియేటర్ కావాలి. ఎకరాకు మూడున్నర టన్నులు అనుకుంటే 2 హెచ్‌పీవి నాలుగు. ఒక్కొక్కటి గంటకు ఒకటిన్నర యూనిట్ తాగుతుంది. మొదటి నెల తక్కువ గంటలు, చివరి నెల ఎక్కువ గంటలు. సగటున రోజుకు 10 గంటలు వేసుకుంటే నాలుగింటికీ 60 యూనిట్లు. 100 రోజుల పంటకు 6,000 యూనిట్లు, ఏడాదికి రెండు పంటలంటే 12,000 యూనిట్లు.

ఆక్వా జోన్‌లో రాయితీ ఉన్నవారికి యూనిట్ 1.50 రూపాయలు. ఏడాదికి 18,000. రాయితీ లేనివారికి 3.85 చొప్పున 46,200. కరెంటు పోతే జనరేటర్. లీటరు డీజిలుకు 3 నుంచి 3.5 యూనిట్లు వస్తాయి. అంటే యూనిట్ దాదాపు 30 రూపాయలు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండే గంటల్లో లైన్ పోతే జనరేటర్ వేయక తప్పదు. వేయకపోతే రొయ్య గట్టుకు వచ్చేస్తుంది. బిల్లు కాగితం మీద కనిపించని ఖర్చు అది.

దాదాపు 12,000 యూనిట్లు ఎండ నుంచి తీయడానికి 8 కిలోవాట్ల పలకలు చాలు. ఒక్కో కిలోవాటు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. దానికి కావాల్సిన జాగా 4 సెంట్లు. గట్టు మీద, షెడ్డు మీద సర్దుకుంటుంది. ఖర్చు 4 లక్షలకు అటూ ఇటూ. వేల ఎకరాలు సేకరించాల్సిన పని లేదు, ఎవరినీ ఊరు దాటించాల్సిన పని లేదు.

రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది, ఎండ పగలు, రొయ్యకు కరెంటు రాత్రి. పగలు లైన్‌లోకి ఇచ్చింది రాత్రి వెనక్కి తీసుకునే లెక్క కావాలి. అది కూడా నెలవారీ కాదు, ఏడాది లెక్క కావాలి. ఎందుకంటే పట్టుబడి తర్వాత చెరువు ఎండబెట్టిన రోజుల్లో పలకలు పనిచేస్తూనే ఉంటాయి. రెండోది, 1.50కి కరెంటు వస్తున్న రైతు 4 లక్షలు పెట్టి పలకలు కొనడు. బిల్లులో అతనికి మిగిలేది ఏడాదికి 18 వేలే. ఇది నిజం.

అందుకే ఈ పని రైతు ఒక్కడి మీద పెట్టకూడదు. రాయితీకి, పూర్తి రేటుకు మధ్య తేడా ఎకరాకు ఏడాదికి 28,200 రూపాయలు. ఇది ఎలాగూ ఖజానా నుంచి పోతున్న సొమ్మే. 15 ఏళ్ళు పోతే 4 లక్షలు దాటుతుంది. పలకలు బతికేది 25 ఏళ్ళు. ఆ రాయితీ సొమ్మునే ముందుగా పెట్టుబడిగా పెడితే ప్రభుత్వానికీ మేలే, రైతుకూ మేలే. వ్యవసాయ మోటార్ల ఫీడర్లను సోలార్‌కు మార్చే పద్ధతి పీఎం కుసుమ్‌లో 2020 నుంచి ఉన్న ఆలోచనే. సబ్‌స్టేషన్ దగ్గర రైతు భూమిలోనే 2 మెగావాట్ల లోపు ప్లాంటు పెట్టి కరెంటు అమ్ముకునే వీలు కూడా అందులో ఉంది. ఆక్వా ఫీడర్లకు అదే ఎందుకు వర్తించదు?

రాత్రి కరెంటు ఖరీదు ఎక్కువ, పగటి కరెంటుతో చెల్లు వేయలేమని డిస్కం వారు అంటారు. అందులో కొంత నిజం ఉంది. మరి పగటి కరెంటుతో నీళ్ళు పైకి ఎత్తి రాత్రి దించి కరెంటు తీసే ప్రాజెక్టులు మన రాష్ట్రంలోనే వస్తున్నాయి కదా. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్లది. కర్మాగారాలకు రాత్రింబవళ్ళు కరెంటు ఇవ్వడానికి నిల్వ ఏర్పాటు చేయగలిగినప్పుడు, అందులో ఒక పాలు ఆక్వా ఫీడర్లకు రాసిపెట్టలేరా? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, పాలసీలో ఉన్నది మీటరు దగ్గర ఆగిపోకూడదు.

ఎగుమతి ధరకు హామీ ఎలా అంటారా

విదేశీ మార్కెట్ ధరకు ప్రభుత్వం ఎలా హామీ ఇస్తుందని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికా వాడు ఎంతకు కొనాలో మనం శాసించలేం. కానీ నష్టం ఎవరు ఎంత మోయాలో మనం రాసుకోవచ్చు. సుంకం పది శాతం పెరిగితే ఎగుమతిదారు ఇంత, ప్రభుత్వ నిధి ఇంత, రైతు ఇంత అని సీడు వేయకముందే సూత్రం ఉండాలి. తగ్గినప్పుడు లాభం పంచుకోవడానికీ అదే సూత్రం. ఇప్పుడు సూత్రం లేదు కాబట్టే మొత్తం ఒక్కరి మీద పడుతోంది. 2020లో చట్టం చేసి పెట్టిన రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ ఉంది. ఈ పని చేయించడానికి కొత్త సంస్థ అక్కర్లేదు.

ఎగుమతులు మానేయమని మేము అనడం లేదు. మానేస్తే గోదావరి, కృష్ణా డెల్టాల్లో సగం చెరువులు ఎండిపోతాయి. మేము అడిగేది ఇదీ:

1. ప్రతి పంటకు సీడు వేసే ముందే కౌంట్ల వారీగా కనీస ధర ప్రకటించాలి. సుంకాల నష్టాన్ని ఎగుమతిదారు, ప్రభుత్వం, రైతు పంచుకునే సూత్రాన్ని రాతపూర్వకంగా పెట్టాలి. అమెరికాకు పోని కౌంట్లకు అమెరికా సుంకం పేరుతో ధర తగ్గిస్తే చర్య తీసుకోవాలి.

2. ఎగుమతిదారులకు ఇచ్చిన మారటోరియం ఆక్వా రైతులకు, కౌలు రైతులకు కూడా ఇవ్వాలి. ఎగుమతి ప్రోత్సాహక మిషన్ నిధుల్లో ఒక వాటాను రైతు ధర స్థిరీకరణకు కేటాయించాలి.

3. ఆక్వా ఫీడర్లను ప్రభుత్వ ఖర్చుతో సోలార్‌కు మార్చాలి. రైతు సహకార సంఘాలకు ప్లాంట్లు పెట్టుకునే మొదటి హక్కు ఇవ్వాలి. ఏడాది లెక్కన నెట్ మీటరింగ్ అమలు చేయాలి. పలకలు వచ్చేదాకా 1.50 రాయితీ తీసేయకూడదు, అర్హులైన కౌలుదారులందరికీ వర్తింపజేయాలి.

4. క్లీన్ ఎనర్జీ ప్రాజెక్టులకు పండే భూమిని బలవంతంగా సేకరించొద్దు. లీజే ఉండాలి, గ్రామ సభ ఆమోదం ఉండాలి, ధరల ప్రకారం లీజు పెరగాలి. ఆ భూమి మీద కౌలుకు చేసినవారికి, గొర్రెల కాపరులకు పరిహారం విడిగా రాయాలి.

5. రాష్ట్రంలో తయారయ్యే గ్రీన్ అమ్మోనియాలో మొదటి వాటా దేశంలోని ఎరువుల కర్మాగారాలకు ఇచ్చాకే ఎగుమతికి అనుమతించాలి.

6. రొయ్యల సమన్వయ కమిటీలో మెజారిటీ రైతులదే ఉండాలి. పట్టణాల్లో రొయ్యల అమ్మకానికి కోల్డ్ చైన్ ప్రభుత్వం పెట్టాలి. హేచరీలు, మందుల షాపుల మీద తనిఖీలు గట్టిగా చేయాలి.

7. పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఉండాలి. కోత సీజన్‌లో సుంకం ఎత్తేసే పద్ధతి మళ్ళీ పెట్టుకోకూడదు.

వచ్చే నెలల్లో వేసవి పంటకు చెరువులు సిద్ధం చేస్తాం. సీడు వేయకముందే ఈ ఏడు డిమాండ్లను గ్రామ సభల్లో తీర్మానాలుగా పెట్టండి. మండల స్థాయిలో రొయ్య రైతు, పత్తి రైతు, సోలార్‌కు భూమి పోతున్న రైతు ఒకే వేదిక మీదకు రావాలి. విడివిడిగా కలెక్టరేట్‌కు పోతే ఒక్కొక్కరిని ఒక్కో శాఖకు పంపుతారు. పాతికేళ్ళ ఒప్పందాలు రాసిన కలం ప్రభుత్వం చేతిలోనే ఉంది. వంద రోజుల ఒప్పందం రాయడానికి దానికి సిరా చాలదని ఎవరూ చెప్పలేరు.